వరహాలమ్మకు చలి

మొదట పళ్ళు కొట్టుకోవడం మొదలైంది, తరువాత మంచం కదలడం. నులకమంచం కోళ్ళు మట్టినేల మీద టకటకలాడుతుంటే జగ్గయ్య గడప ఇవతలే నిలబడి, లోపలికి వెళ్ళాలా వద్దా అని ఇంకా తటపటాయిస్తున్నాడు. ఇల్లు తనదే, మంచం మీద వణుకుతున్నది తన భార్యే, అయినా పదహారేళ్ళుగా ఆ గడప ముందు ఆగడం అతని కాళ్ళకు అలవాటైపోయింది. పాయల్లో చేపలు పట్టి తినే నీటికుక్కల తోళ్ళు ముట్టుకున్న చేతులతో లోపలికి రాకూడదు, పాయలో మూడు మునకలు వేసి పొడిపంచె కట్టుకున్నాకనే రావాలి, వచ్చినా ఆ మంచం దరికి రాకూడదు. అది వరహాలమ్మ పెట్టిన కట్టడి. ఆవిడకు జ్వరం తగిలిన ఈ అయిదు రోజుల్లో అతను తోళ్ళపాక తలుపు తీయలేదు, ఒక్క తోలూ తాకలేదు, చేతులు బూడిదతో తోమి తోమి అరచేతులు మంటపుడుతున్నాయి, అయినా కాళ్ళు కదలడం లేదు. కార్తీకపు ఎండ కొబ్బరాకుల్లోంచి చారలు చారలుగా వాకిట్లో పడుతోంది. అతని మెడ మీద చెమట కూడా పడుతోంది. లోపల ఆవిడ మాత్రం నీళ్ళలోంచి తీసిన కోడిపిల్లలా వణుకుతోంది.

మరదలు దుర్గమ్మ పడవెక్కి ఎంతసేపైంది? పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది, పాయ గట్టు మీది మడచెట్ల మొదళ్ళు సగానికి మునిగాయి, అంటే ఆమె ఇంకా మురమళ్ళ చేరి ఉండదు. "పోటు మీద ఎళ్ళి, నీళ్ళు తీసేప్పుడు పాటు మీద వైద్యుణ్ణెక్కించుకొచ్చేస్తానండి బావగారూ. అక్కనొదిలి ఎక్కడికీ కదలకండేం," అని వెళ్ళేటప్పుడు అంది, అని ఒక్క క్షణం ఆగి, అతని చేతుల వైపు చూసి, ఇంకేదో అనబోయి మానేసింది. ఏమనబోయిందో అతనికి తెలుసు. ముట్టుకోకండి అని. విధవరాలై ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది దుర్గమ్మ, అక్క నియమాలన్నీ అక్కకంటే గట్టిగా పట్టించింది, కాని ఇవాళ ఆ మాట అనలేకపోయింది. జ్వరం ఒకరోజు విడిచి ఒకరోజు వస్తోంది. మొదటిరోజు వణికింది, లేచి అన్నం కూడా వండింది. మూడోరోజు వణికింది, లేవలేదు. ఇవాళ అయిదో రోజు. మళ్ళీ వణుకొస్తే కబురుపెట్టమన్నాడు వైద్యుడు సూర్యనారాయణగారు, ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఏమంత బాగాలేదు.

"ఏవండీ."

పిలుపు ఎంత సన్నగా ఉందంటే మొదట అది మంచం కిర్రుమన్న చప్పుడనుకున్నాడు. "చలండి. చలేస్తోందండి." గడప దాటాడు. దాటినందుకు ఏమీ జరగలేదు. ఆవిడ కళ్ళు తెరిచి చూసింది కాని పొమ్మనలేదు, చూపు అతని మీంచి జారి కప్పు వైపు పోయింది.

ఇంట్లో ఉన్నవన్నీ కప్పాడు. దుప్పటి కప్పాడు, పాతచీరలతో కుట్టిన బొంత కప్పాడు, తన పంచెలు రెండూ కప్పాడు, చూరుకి వేలాడుతున్న పడవ తెరచాప గుడ్డ దించి దులిపి అదీ కప్పాడు. ఆవిడ అల్లుతూ అల్లుతూ మధ్యలో వదిలేసిన వల కూడా తెచ్చి కప్పి, వలలో చలి ఆగుతుందా అని తన బుద్ధికి తనే సిగ్గుపడి తీసేశాడు. కుంపటిలో కొబ్బరిచిప్పలు రాజేసి మంచం కిందకు తోశాడు. అరికాళ్ళు పట్టుకుని రుద్దబోయాడు, అవి చేపల్లా చల్లగా ఉన్నాయి, పట్టుకోగానే అవి ఎంత చిన్నవో తెలిసింది, ఇంత చిన్న కాళ్ళా ఈవిడవి, ఈ కాళ్ళతోనా ఏడాదిగా అంబలికుండ నెత్తిన పెట్టుకుని కాలవ తవ్వే చోటికి కోసుదూరం నడిచింది, ఆ బురదలో, ఆ దోమల్లో, వద్దే వరాలూ అక్కడందరికీ జ్వరాలొస్తున్నాయట అంటే వినకుండా. వినదు. అతని సొమ్ముతో కొన్న గింజ తినదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక ఊరూరా కాలవలు తవ్వుతున్నారు, తవ్వేవాళ్ళకు అంబలి కావాలి, అదివరకు వలలు అల్లి అమ్మేది, ఇప్పుడు అంబలి అమ్మింది. ఒకే చూరు కింద రెండు పొయ్యిలు. ఆవిడ పొయ్యి మీద ఆవిడకూ దుర్గమ్మకూ, ఇవతల పంచలో అతని పొయ్యి అతనికి. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం ఆవిడే లేచి అతని పొయ్యి దగ్గర కూర్చుని వండి పెట్టేది, చుట్టాల ముందు అతన్ని తక్కువ చేసేది కాదు, వాళ్ళు తిని లేచాక తను తినకుండానే చేతులు కడుక్కునేది.

చలి. చలంటే ఏమిటో తనకేం తెలుసు? ఇరవై ఏళ్ళుగా చలిబట్ట అమ్ముతున్నాడు, చలి ఎరగడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పాయ మీద పొగమంచు దిగితే చెవులకు గుడ్డ చుట్టుకుంటే సరిపోయేది, అదే అతనికి తెలిసిన చలి. యానాం రేవులో తోళ్ళు కొనే దొరని మొదటిసారి చూసిన రోజున, దొర మాట తెలుగులో చెప్పే దుబాసీ కొండలరావు పంతులుగారు చెప్పాడు, ఈ తోళ్ళు ఓడెక్కి చీనాదేశం పోతాయి జగ్గయ్యా, అక్కడ చలికాలం వస్తే నీళ్ళు రాయైపోతాయి, మనుషులు నదుల మీద నడుస్తారు, గొప్పవాళ్ళు అంగరఖాల లోపల నీటికుక్క తోలు కుట్టించుకుంటే కాని బతకరు, అని. ఆ మాట ఇంటికి తెచ్చి వరహాలుకి చెప్పాడు. కొత్తకాపురం అప్పుడు. అన్నం వడ్డిస్తున్నదల్లా గరిటె పట్టుకునే నవ్వింది. "నీళ్ళు రాయవడమేంటండి, ఎవరో మిమ్మల్ని వెర్రోణ్ణి చేసేరు," అని. నవ్వితే భుజాలు కదిలేవి. ఇప్పుడూ భుజాలు కదులుతున్నాయి. ఆ నవ్వుకీ ఈ వణుకుకీ భుజాల్లో తేడా కనబడకపోవడం చూసి జగ్గయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దొర కుర్చీ చూపించాడు ఆ రోజు. కూచోమన్నాడు. పడవ తోసేవాడి కొడుకుని, ఒంటి మీద చొక్కాలేనివాణ్ణి, కుర్చీలో కూచోమన్నాడు. అక్కడే పట్టేసింది తనని. డబ్బు కాదు, కుర్చీ. తరువాత ఎన్నిసార్లు మానేద్దామనుకున్నా ఆ కుర్చీ చేతులు తన చేతుల కింద నున్నగా తగిలేవి. ఇంకా ఒకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ బొచ్చంటే తనకిష్టం. నూకరాజు మడఅడవిలోంచి మొదటి తోలు తెచ్చి పడవలో పరిచినప్పుడు, పైన గరుకు వెంట్రుక, దాన్ని ఊదితే విడిపోయి కింద నూగు కనబడింది, బూడిదరంగు నూగు, నీళ్ళలో పుట్టి నీళ్ళలో తిరిగి ఒక్కసారైనా తడవని నూగు. వేలు పెడితే వేలు ఎక్కడ ఆగిందో తెలియలేదు. "ఇంత మెత్తంది మన దేశంలో ఇంకోటి లేదురా," అన్నాడు. నూకరాజు నవ్వలేదు. వాడు వేటగాడు, తండ్రి తాతల నుంచి ఆ పాయల్లో ఉచ్చులు పన్నేవాడు. "మెత్తగానే ఉంటాయండి. కుటుంబంతో తిరుగుతాయండి ఇవి. ఒకదాన్ని పడితే మిగతాయి ఒడ్డునే తిరుగుతా ఈలలేస్తాయండి, పోవండి," అన్నాడు. అది వాడు బాధగా చెప్పాడో, పట్టడం సులువని చెప్పాడో ఆరోజు తెలియలేదు. తను మాత్రం సులువనే విన్నాడు.

"బుల్లెమ్మకి కప్పేరా?"

ఉలిక్కిపడ్డాడు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. "పిల్లకి కప్పండి ముందు," అంది, చేయి పక్కకు చాపి తడిమింది, మంచం మీద ఆ పక్కన ఎవరూ లేరు, వేళ్ళు నులకని పట్టుకుని వదిలాయి. ఏమని చెప్పాలి? కప్పేనే, అన్నాడు. అన్నాక ఆ మాట నోట్లో చేదుగా నిలిచిపోయింది.

మాఘమాసం. బుల్లెమ్మకు ఎనిమిదో నెల. అప్పటికింకా తోళ్ళు ఇంటి పంచలోనే ఆరేసేవాడు, వరహాలు ఏమీ అనేది కాదు, ఒక్కోసారి పిల్లని చంకనేసుకుని వచ్చి, చూపుడువేలితో బొచ్చు దువ్వి పిల్లకు చూపించేది, ఇదిగో నీటికుక్క, మీ నాన్న పట్టుకొచ్చేడు. ఆరోజు నూకరాజు తెచ్చింది పెద్దది, వెచ్చగా ఉంది ఇంకా. జగ్గయ్య ఆ తోలుని చెక్క మీద బొచ్చు కిందకు పెట్టి కొవ్వు గీకుతున్నాడు. మొండికత్తి పొట్ట మీద నొక్కి లాగాడు. లాగగానే తెల్లగా చిమ్మింది. మొదట కొవ్వనుకున్నాడు. వెనక నుంచున్న వరహాలుకి తెలిసింది, కొవ్వు కాదని ఆడదానికి చెప్పనక్కరలేదు, ఆవిడ రవికె కూడా ఆ సమయానికి తడిసి ఉంది. పాలు చెక్క అంచున చేరి చుక్కచుక్కగా నేల మీద పడ్డాయి. ఆవిడ పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం పాయ అవతల ఈలలు వినిపించాయి, చిన్నవి, సన్నవి, రెండో మూడో. మర్నాడు ఒకటే వినిపించింది. ఆ తరువాత లేదు. పదకొండో రోజున బుల్లెమ్మకు కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, మధ్యాహ్నానికి పోయింది.

తోళ్ళకూ దానికీ ఏమిటి సంబంధం? ఊళ్ళో ఆ నెలలో ఇంకా ముగ్గురు పిల్లలు పోయారు, వాళ్ళ ఇళ్ళల్లో తోళ్ళున్నాయా? ఈ మాట అతను పదహారేళ్ళుగా మనసులో అంటూనే ఉన్నాడు, పడవలో అన్నాడు, కుర్చీలో కూర్చుని అన్నాడు, పైకి మాత్రం ఒక్కసారి అన్నాడు, పిల్ల పోయిన నెలకి. వరహాలు తల ఎత్తి చూసింది. "నేను సంబంధం ఉందన్లేదండి," అంది. "నేనసలేం అన్లేదు. అవి నా ఇంట్లోకి రాకూడదు. ఆ డబ్బు నా నోట్లోకి రాకూడదు. అంతేనండి." అరవలేదు, ఏడవలేదు. అరిచుంటే బాగుండేది. అతను మానేశాడు కూడా, నిజంగా, తొమ్మిది నెలలు మానేశాడు, చేపలకే పోయాడు, ఆవిడ నెమ్మదిగా మళ్ళీ మాట కలుపుతోంది, ఒకసారి తలంటింది కూడా. అప్పుడు వచ్చింది ఆ కార్తీకపు ఉప్పెన. కోరంగిలో ఓడలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి, మనుషుల సంగతి చెప్పనే అక్కరలేదు, తన పడవ లేదు, వల లేదు, ఇంటి చూరు లేదు. బావుల్లో ఉప్పునీళ్ళు. ఊరంతా ఆకలి. మడఅడవిలో నీటికుక్కలు మాత్రం ఉన్నాయి, వాటికేం, నీళ్ళవి. నూకరాజు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు, ఏం చేద్దావండి అని. ఏం చేస్తాం?

సరే, ఆ ఏడాదికి ఆకలి. మరి ఆ పై ఏడాదికి? ఆ పై ఏడాదికి? పడవ కొన్నాక, ఇల్లు కట్టాక, తోళ్ళకి వేరే పాక వేశాక? ఈసారి ఓడ వెళ్ళిపోగానే మానేస్తానే అని ఎన్నిసార్లు చెప్పాడు, ఆవిడ ఊఁ అనేది, నమ్మి కాదు, విన్నానని. ఆ ఊఁ ఇప్పుడు అతని చెవుల్లో ఉంది.

మంచం మళ్ళీ కొట్టుకుంది. ఇంతకుముందులా కాదు, ఇప్పుడు ఆవిడ తల కూడా నులకకి కొట్టుకుంటోంది. అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చేతుల్లో పళ్ళ చప్పుడు తెలుస్తోంది. కుంపటి రాజుకుంది, తన మోచేతుల మీద వెంట్రుకలు కమురు వాసన వేస్తున్నాయి, ఆవిడ బుగ్గ మాత్రం చల్లగానే ఉంది. ఇంకేముంది ఇంట్లో? గోనెలు, కొబ్బరిపీచు, తాటాకులు. ఇంకేముందని అడుగుతున్నాడే కాని ఏముందో అతనికి మొదటినుంచీ తెలుసు, గడప దాటకముందే తెలుసు. పాతికడుగుల దూరంలో పాకలో, ఓడ కోసం ఏరి పెట్టినవి, వేపాకుల మధ్య మడతపెట్టినవి, నదులు రాయైపోయే దేశంలో మనుషుల్ని బతికించేవి.

కప్పితే? బతికి లేస్తే ఆవిడ తన మొహం చూడదు. అంతవరకూ ఉన్న ఆ ఊఁ కూడా ఉండదు. కప్పకపోతే? ఆవిడ నియమం ఆవిడకుంటుంది. నియమంతో పాటు ఆవిడ కూడా ఉంటుందా? దుర్గమ్మ ఉంటే బాగుండేది, వద్దనేది, తనకి ఈ ఆలోచన తప్పేది. గుమ్మంలోకి వచ్చి పాయ వైపు చూశాడు. నీళ్ళు నిలబడ్డాయి. ఎక్కడం ఆగింది, దిగడం మొదలుకాలేదు. ఒక కొబ్బరిబొండం ఎటూ పోకుండా రేవు ముందు తేలుతోంది. ఇప్పుడే బయలుదేరతారు వాళ్ళు, మురమళ్ళ నుంచి ఇక్కడికి పాటు మీద వచ్చినా ఎంతసేపు... లోపల ఆవిడ మూలిగింది, మనిషి మూలిగినట్టు లేదు. జగ్గయ్య పరిగెత్తాడు. యాభై రెండేళ్ళవాడు, పంచె ఊడిపోతుంటే ఒకచేత్తో పట్టుకుని, పాక గడియ లాగి, చీకట్లో వేపాకు వాసనలోకి చేతులు దూర్చి, చూడకుండానే ఏరాడు, చేతులకు తెలుసు ఏవి ఒత్తుగా ఉంటాయో, ఏవి పలచనో. ఆరు తీశాడు. గుండెలకు హత్తుకుని వచ్చాడు. గడప దగ్గర, మళ్ళీ, కాళ్ళు ఆగాయి. తోళ్ళు చేత్తో పట్టుకుని ఈ గడప దగ్గర నిలబడడం పదహారేళ్ళలో ఇదే మొదటిసారి.

"ఏంటండది?" అంది వరహాలమ్మ.

కళ్ళు తెరిచి ఉంది. తెలివిగా చూస్తోంది. బొంత అని చెప్పొచ్చు. దుర్గమ్మ పాతబొంత, పెట్టెలో దొరికింది అని. మసక వెలుగు, జ్వరం, నమ్ముతుంది. నోరు తెరిచాడు.

"తోళ్ళేనే," అన్నాడు.

ఆవిడ పళ్ళు ఆగడం లేదు, మాటకు చోటు దొరకడం లేదేమో. అతను కదలకుండా నిలబడ్డాడు, చేతుల్లో బరువు లేదు, ఆరు తోళ్ళు ఒక పసిపిల్లంత కూడా తూగవు.

"కప్పండి," అంది.

ఒక్కొక్కటీ కప్పాడు. బొచ్చు లోపలి వైపుకి తిప్పి, మెడ దగ్గర మొదలుపెట్టి, చీనాదేశంలో ఎలా కప్పుకుంటారో పంతులుగారు చెప్పినట్టు, గాలి దూరకుండా అంచు మీద అంచు. ఆరోది కప్పబోతుంటే ఆవిడ చేయి బయటికి తీసి తోలు పట్టుకుంది. బొటనవేలితో బొచ్చు తడిమింది, ఒకప్పుడు పిల్లకు చూపించినట్టే. "ఇందులో తల్లులెన్నండి?" అని అడిగింది.

తోలు చూస్తే తెలుస్తుంది. పొట్ట దగ్గర చన్నుల జాడ ఎంత గీకినా పోదు, చిన్న చిన్న పొక్కుల్లా నిలుస్తుంది. దొర వాటిని గుర్తుపట్టడు, పంతులు గుర్తుపట్టడు, జగ్గయ్య వేళ్ళు గుర్తుపడతాయి, ప్రతిసారీ గుర్తుపట్టాయి, మడతపెట్టేటప్పుడు వేళ్ళు అక్కడికి రాగానే త్వరగా జరిగిపోవడం నేర్చుకున్నాయి. ఒక్కటీ లేదే, అన్నీ పోతులే అనొచ్చు. ఆవిడకు కావలసింది వెచ్చదనం, లెక్క కాదు. కాని అడిగింది. పదహారేళ్ళలో తన పని గురించి ఒక్క మాటైనా అడగనిది, ఇప్పుడు అడిగింది.

"నాలుగు," అన్నాడు. "నాలుగు తల్లులు, వరాలూ."

"ఏవేవండి?"

చూపించాడు. రెండు కాళ్ళ మీద కప్పి ఉన్నాయి, ఒకటి నడుము మీద, ఒకటి ఇంకా అతని చేతిలో. "వాటిని ఇలా పైకియ్యండి," అంది. కాళ్ళ మీదవి, నడుము మీదది తీసి, చేతిలోదానితో కలిపి ఇచ్చాడు. ఆవిడ వాటిని గుండెల మీదికి లాక్కుంది, నాలుగూ ఒకదాని మీద ఒకటి, లాక్కుని రెండు చేతులూ వాటి చుట్టూ వేసింది, చలికి కప్పుకున్నట్టు లేదు, దగ్గరకు తీసుకున్నట్టుంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. జగ్గయ్య మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తప్పయిపోయిందే, అన్నాడు. ఇంకా ఏదేదో అన్నాడు, ఆకలి సంగతి, కుర్చీ సంగతి, మెత్తదనం సంగతి, ఆ సాయంత్రం ఈలలు తనకీ వినిపించాయని, చెవులకు గుడ్డ చుట్టుకుని పడుకున్నానని, పిల్ల పోయినప్పుడు తనకీ అదే అనిపించిందని, అనిపించి భయపడే పైకి ఒప్పుకోలేదని. ఇన్నేళ్ళూ పేర్చి పెట్టుకున్న మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆవిడ విందో లేదో. అతను ఆగాక అంది, "అంత దూరంగా కూచున్నారేంటండి. చలేస్తోందన్నాను కదా."

బొంత ఎత్తి పక్కన చేరాడు. మంచం ఇద్దరికి చాలదు, ఒకప్పుడు చాలేది. ఆవిడ వీపు అతని ఛాతీకి తగిలింది, ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఈ వీపు తనకి తెలియదు, తనకి తెలిసింది పాతికేళ్ళ వీపు, మధ్యలో ఇన్నేళ్ళ వీపులు ఎక్కడికి పోయాయి? జుట్టులో అంబలి వాసన, కొబ్బరినూనె వాసన, వాటి కిందనుంచి అదే పాత వాసన. ఇద్దరి మధ్యనుంచీ వెచ్చదనం పుట్టింది. మొదట తనదే అనుకున్నాడు, కాదు, నూగు పట్టుకుంది, ఆ వేడిని బయటికి పోనివ్వకుండా పట్టుకుని మళ్ళీ లోపలికే ఇస్తోంది. ఇదన్నమాట. ఇందుకన్నమాట ఓడలు వేసుకుని వస్తారు. మంచం చప్పుడు తగ్గింది. పళ్ళ చప్పుడు తగ్గింది. వణుకు అలలు అలలుగా వెనక్కి పోతోంది, పోయి, మళ్ళీ వచ్చి, ఈసారి ఇంకా తక్కువగా వచ్చి. ఆవిడ వేళ్ళు అతని వేళ్ళని వెతికి పట్టుకున్నాయి. బయట పాటు మొదలైంది, మడచెట్ల వేళ్ళలోంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు వినబడుతోంది. కొంగ అరిచింది. అతనికి నిద్రలాంటిది పట్టింది, నిద్ర కాదు, ఆవిడ కొత్తగా కాపురానికొచ్చినప్పటి ఒక ఉదయం, ఇద్దరూ పడవలో మురమళ్ళ తీర్థానికి పోతూ మలుపు తిరిగేసరికి ఇసుకదిబ్బ మీద నీటికుక్కలు, అయిదో ఆరో, పిల్లల్ని మధ్యలో వేసుకుని ఎండలో దొర్లుతున్నాయి, వరహాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు చెయ్యకండి చప్పుడు చెయ్యకండి అని తెడ్డు పట్టుకుంది, పడవ దానంతటది నీటివాలున పోయింది. అప్పటికి తను ఏ తోలూ ముట్టుకోలేదు. ఆ ఉదయంలోనే ఉండిపోయినా బాగుండేది.

ఎంతసేపయిందో. వణుకు పూర్తిగా ఆగింది. మంచం కదలడం లేదు. జగ్గయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో దొర దగ్గర కూడా కలగనంత గర్వం కలిగింది, చిన్నపిల్లాడిలా ఆవిడకు చెప్పాలనిపించింది. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, "చూసేవా, ఎంత వెచ్చగా ఉందో," అన్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. ఊఁ అని కూడా అనలేదు.

అతను లేవలేదు. లేస్తే అది నిజమవుతుంది. వేళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, బొచ్చు ఆ వెచ్చదనాన్ని పోనివ్వడం లేదు, అందుకని అతను ఇంకా కాసేపు, ఇంకా కాసేపు అనుకుంటూ పడుకునే ఉన్నాడు, పడవ రేవుకు తగిలిన చప్పుడు వినేవరకూ, అడుగుల చప్పుడు వాకిట్లోకి వచ్చేవరకూ. అప్పుడు లేచి, ఆవిడ చేతిలోంచి తన చేయి విడిపించుకుని, గోడవారగా నిలబడ్డాడు.

దుర్గమ్మ ముందు వచ్చింది, వెనక వైద్యుడు. గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద అక్కని, అక్క గుండెల మీద తోళ్ళని చూసింది. వైద్యుడు సూర్యనారాయణగారు ముందుకు వచ్చి చేయి పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టి, తల అడ్డంగా ఊపాడు. దుర్గమ్మ ఏడవడానికి ముందు అతని వైపు తిరిగింది.

"ఏం పని చేసేరండి బావగారూ! పదహారేళ్ళు, పదహారేళ్ళు అక్క మీ మెతుకు ముట్టుకోలేదు. పోయేటప్పుడు కూడా శుభ్రంగా పోనివ్వలేదా మీరు? వద్దనుంటుంది. అక్క వద్దనే ఉంటుంది. దానికి తెలివుంటే చచ్చినా కప్పనివ్వదండి!"

వాకిట్లోకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చేశారు. అందరూ వింటున్నారు. నిజం అతని గొంతు దాకా వచ్చింది. తనే అడిగిందమ్మా, తనే దగ్గరకు తీసుకుంది, నన్ను రమ్మంది. ఆ ఒక్క మాట చెబితే తనకి ఇక జీవితాంతం ఎవరి ముందూ తల దించక్కరలేదు. చెబితే, అక్కడున్న వాళ్ళందరూ ఏమంటారు? చివరికి వరహాలమ్మ కూడా లొంగిపోయిందంటారు. చలికి తట్టుకోలేక నియమం వదిలేసిందంటారు. ఆ గుండెల మీద జరిగింది లొంగిపోవడం కాదని, అదేమిటో చెప్పడానికి తనకే మాటలు లేవు, వీళ్ళకేం చెబుతాడు?

"ఆయ్," అన్నాడు. "నేనే కప్పేనమ్మా. తనకప్పటికే తెలివి లేదు. తనకి తెలీదు."

దుర్గమ్మ కట్టెపుల్లలు పట్టుకొచ్చి, చేత్తో తాకకుండా, ఒక్కొక్క తోలూ లాగి వాకిట్లోకి విసిరింది. గుండెల మీది ఆఖరిది రావడానికి చేతులు విడదీయాల్సి వచ్చింది. వైద్యుడు విడదీశాడు, విడదీస్తూ ఒక్కసారి జగ్గయ్య మొహంలోకి చూశాడు. తెలివిలేని మనిషి చేతులు అలా పట్టుకోవని వైద్యుడికి తెలియకుండా ఉండదు. ఆ చేతులు పక్కన సర్ది పెట్టి బయటికి నడిచాడు. తలుపు దగ్గరగా వేసి ఆడవాళ్ళు స్నానం చేయించారు, మూడుసార్లు పసుపు రాశారు, ఆ వాసన పోవాలని.

ఆ ఏడు ఓడ వచ్చింది, జగ్గయ్య వెళ్ళలేదు. దొర కబురుపెడితే నూకరాజే వెళ్ళి, ఇక లేవండి అని చెప్పి వచ్చాడు. తరువాత జగ్గయ్య చాలా ఏళ్ళు బతికాడు, పంచలో తన పొయ్యి దగ్గరే, లోపలి పొయ్యి దుర్గమ్మకు వదిలేసి. ఆవిడ అతనితో మాట్లాడేది కాదు, అతను పొయ్యి రాజేయని రోజున అన్నం మాత్రం గడప మీద పెట్టేది. తోళ్ళ జగ్గయ్య పెళ్ళాన్ని పోయేముందు మైలపరిచాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు, రేవులో అతను దిగుతుంటే కొందరు పక్కకు జరిగేవాళ్ళు. కార్తీకమాసం వస్తే ఆడవాళ్ళు పాయలో దీపాలు వదులుతూ వరహాలమ్మ మాటే చెప్పుకునేవాళ్ళు, ఎంత నిష్ఠమ్మా ఆవిడది, మొగుడి సొమ్ము ముట్టుకోకుండా బతికింది, మనసులోనైనా వెనకాడలేదు అని. గట్టు మీద కూర్చుని వలకు ముడులు వేస్తూ జగ్గయ్య వినేవాడు. ఎవరైనా కావాలని అతనికి వినబడేలా అంటే, ముడి మీంచి తల ఎత్తేవాడు.

"ఆయ్, నిజమేనండి," అనేవాడు. "చివరిదాకా మాట మీదే ఉందండి."